సరంగు బాబాయ్ అడిగిన ప్రశ్న

పోస్టు పెద్దగైంది, తీరికున్నప్పుడే చదవండి.

ఈ ఫిబ్రవరిల సెమిస్టర్ పరీక్షలు అయిపోయినంక మేము ఐదుగురం విశాఖపట్నం పోయి, ఒక బోటు కిరాయికి మాట్లాడుకొని, సముద్రం లోపలికి చేపల వేటకు పోయొచ్చినం. ఫొటోలు చూసి కొందరు మెచ్చుకున్నరు, కొందరు "పైసలెక్కడివిరా" అన్నరు, ఒక అన్నయితే "స్కాలర్‌షిప్ పైసలతోని సోకులా" అని నేరుగానే అడిగిండు. అందుకే ముందు పైసల లెక్క చెప్తం. అసలు చెప్పాల్సిన సంగతి బోటు మీద జరిగింది, దానికి తర్వాత వస్తం.

మా హాస్టల్ మంఖాల్‌ల ఉన్నది. తెల్వనోళ్ళకు చెప్తున్నం, శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు అటుపక్క, తుక్కుగూడ దగ్గర. విమానాలు మా డాబా మీదికెళ్ళే దిగుతున్నట్టు ఉంటది. 2008లో ఎయిర్‌పోర్టు మొదలైనప్పుడు మేము రెండు మూడేండ్ల పిల్లలం, మా ఊర్లల్ల ఉన్నం. ఇప్పుడు ఆ చప్పుడు వినకపోతే నిద్ర పట్టదు. ఈడ ఇండస్ట్రియల్ పార్కు ఉన్నది, గోదాములున్నయి. ఆదివారాలు మేము ఒక గోదాముల ప్యాకింగ్ పనికి పోతం. పెండ్లిళ్ళ సీజన్‌ల శంషాబాద్ ఫంక్షన్ హాళ్ళల్ల క్యాటరింగ్‌కు పోతం. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు వేసుకొని ప్లేట్లు పట్టుకొని తిరుగుతం. అట్ల నవంబరు నుంచి కూడబెట్టినం. స్కాలర్‌షిప్ పైసలు అయితే ఇంకా పడనే లేదు, సోకులు యాడికెల్లి చేస్తం అన్నా?

గోదాముల మా పక్కన డబ్బాలు ఎత్తే ఒక అన్న ఉన్నడు. ఊరు విశాఖ, పెదజాలారిపేట. ఇంటర్ పాసైండు, అంతటితో ఆపేసిండు. వాళ్ళ నాయిన సరంగు. అంటే బోటు నడిపే మనిషి, వేట ఎక్కడ చేయాల్నో, ఎప్పుడు తిరిగి రావాల్నో చెప్పే మనిషి. ఇన్నేండ్లు పెద్ద మరపడవల మీద పదిహేను ఇరవై రోజుల వేటకు పోయిండు. నడుము పోయినంక ఒక ప్రైవేటు ఓనరు దగ్గర చిన్న ఫైబర్ బోటు నడుపుతున్నడు. సరదాగా గాలం వేయడానికి వచ్చేటోళ్ళను లోపలికి తీస్కపోయి తీస్కొస్తడు. ఆదివారాలు సాఫ్ట్‌వేరోళ్ళు, బయటి టూరిస్టులు వస్తరంట. రోజుకు పన్నెండు వేలు. మేము మంగళవారం పోయినం కాబట్టి, ఆ అన్న మాట సాయం ఉన్నది కాబట్టి, తొమ్మిది వేలకు ఒప్పుకున్నరు. మనిషికి పద్దెనిమిది వందలు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌ల జనరల్ బోగీ. లెక్క అయిపోయింది.

మాలో ఇద్దరం తండా పిల్లలం. ఒకడు బూర్గంపాడు వైపు కోయ. ఒకడు ఉట్నూరు దగ్గరి గోండు. ఇంకొకడు మన్ననూరు చెంచు. హాస్టల్‌ల ఎవరి పేరు ఎవరం పిలువం, ఊరు పేరే పేరు. ఐదుగురిల సముద్రం చూసినోడు ఒక్కడు లేడు. మన్ననూరు వాడికి కృష్ణల ఈత వచ్చు. బూర్గంపాడు వాడు చిన్నప్పటి నుంచి వాగుల మావులు పెట్టి చేపలు పట్టినోడు. మా ఇద్దరికైతే చెరువుల మోకాలి లోతే ఎక్కువ.

సెలవులంటే ఎండాకాలమే కదా, ఫిబ్రవరిల ఎందుకు పోయిన్రు అంటరేమో. మన ఎండాకాలం సెలవులల్ల సముద్రానికి సెలవు. తూర్పు తీరంల ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్లు, మోటారు బోట్లు వేటకు పోవద్దు. చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రెండు నెలలకు మత్స్యకారులకు ప్రభుత్వం భృతి ఇస్తది. ఆంధ్రల పది వేలు ఉండేది, 2025లో ఇరవై వేలు చేసిన్రు. రెండు నెలలకు ఇరవై వేలు. మనం క్యాటరింగ్‌ల సంపాదించినదానితో పోల్చుకుంటే తెలుస్తది.

పొద్దుగాల నాలుగున్నరకు ఫిషింగ్ హార్బర్‌కు పోయినం. చీకట్ల వందల బోట్లు ఒకదాన్నొకటి ఆనుకొని ఉన్నయి. ఐసు మర చప్పుడు, డీజిల్ వాసన, ఎండుచేపల వాసన. 2023 నవంబరు 19 రాత్రి ఇక్కడే మంటలంటుకొని నలభై దాకా బోట్లు కాలిపోయినయి, అందరు టీవీల చూసే ఉంటరు. ఆ జాగ సరంగు బాబాయ్ వేలుపెట్టి చూపించిండు. ఇంకేం అనలేదు. మాకు లైఫ్ జాకెట్లు ఇచ్చి, తాడు బిగించి, ఒక్కొక్కరి భుజం లాగి చూసిండు. "సార్, ఇక్కడ కూకోండి" అన్నడు.

సార్. ఆ మాట దగ్గర మేము ఒకరి మొకం ఒకరం చూసుకున్నం. మా అందరి ఇండ్లల్ల కలిపి ఇంతవరకు ఎవరినీ ఎవరూ సార్ అన్లేదు. మేమే అన్నం, ఎమ్మార్వో ఆఫీసుల, వార్డెన్ దగ్గర, ఫంక్షన్ హాళ్ళల్ల. "బాబాయ్, సార్ అనకు, మేము నీ కొడుకుతోని డబ్బాలెత్తేటోళ్ళం" అన్నం. నవ్విండు. అయినా పొద్దెక్కే దాక రెండు మూడుసార్లు అలవాటుల సార్ అనే అన్నడు. కిరాయి కట్టినోడు సారే అయితడు.

డాల్ఫిన్ నోస్ కొండ దాటేదాకా నీళ్ళు మంచిగనే ఉండె. దాటినంక కెరటాలు కింద నుంచి మమ్మల్ని లేపి కూకోబెట్టుడు షురూ చేసినయి. మొదలు ఉట్నూరు వాడు కక్కిండు, తర్వాత మేమిద్దరం. కృష్ణల ఈత కొట్టే మన్ననూరు వాడు అందరికన్న ఎక్కువ కక్కిండు. బూర్గంపాడు వాడొక్కడు నిమ్మకాయ చీక్కుంట కూసున్నడు. "దూరంగ ఆ గీత మీద కళ్ళెట్టండి, బోటు కేసి సూడకండి" అన్నడు బాబాయ్. నీళ్ళు, ఆకాశం కలిసే గీత. అట్ల చూస్తుంటే అరగంటకు కడుపు కొంచెం నిలబడ్డది.

దాదాపు రెండు గంటలు పోయినం. పద్దెనిమిది మైళ్ళు అన్నడు, సముద్రపు మైళ్ళు, మన లెక్కల ముప్పైమూడు కిలోమీటర్లు. కొండలు నీలం గీతల లెక్క అయిపోయినయి. కింద యాభై బారల లోతంట. బార అంటే రెండు చేతులు చాపితే వచ్చే పొడుగు, దగ్గర దగ్గర ఆరడుగులు. మా తండాల తాడు కొలిచేది కూడా బారలతోనే. ఫోన్ సిగ్నల్ ఎప్పుడో పోయింది. అంతకుముందే యాడికి వీడియో కాల్ చేసినం. ఆమె ఫోన్‌ల నీళ్ళు చూసి ముందుగాల అడిగింది, "నిజంగనే ఉప్పగ ఉంటయా?" అని.

ఉప్పు అంటే గుర్తొచ్చింది, తండా పిల్లలకు చెప్పాలె. మనం సముద్రానికి కొత్త అనుకుంటం గని, కాదు. రైళ్ళు రాకముందు మనోళ్ళు వేల ఎద్దుల మీద లదేణి నడిపినప్పుడు తీరం నుంచి లోపలి ఊర్లకు మోసుకపోయిన సరుకుల్ల ముఖ్యమైంది ఉప్పే. లంబాడా అన్న మాట లవణం నుంచే వచ్చిందని చెప్పే పండితులు కూడా ఉన్నరు. రైళ్ళొచ్చినయి, ఇంగ్లీషోళ్ళు ఉప్పు మీద పెత్తనం చేసిన్రు, ఎద్దుల బేరం కూలిపోయింది. తర్వాత మన మీద నేరస్థ జాతి అన్న ముద్ర కూడా ఏసిన్రు. మా ముత్తాతలు ఇదే నీళ్ళ అంచుకు ఉప్పు కోసం వచ్చి ఉంటరు. మేము పద్దెనిమిది వందలిచ్చి వచ్చినం.

ఇంకో ముచ్చట. చేపలు యాడుంటయో ఎట్ల తెలుస్తది బాబాయ్ అంటే, "మీ హైదరాబాదోళ్ళే సెప్తారు కదా" అన్నడు. ఎగతాళి అనుకున్నం. నిజమే. ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ 1999 నుంచి హైదరాబాద్‌ల ఉన్నది, ఇప్పుడు ప్రగతినగర్ దిక్కు. ఉపగ్రహం పైనుంచి సముద్రం మీది వేడి, నీళ్ళ ఆకుపచ్చదనం కొలుస్తది. వేడి నీళ్ళు, చల్ల నీళ్ళు కలిసే కాడ నాచు లాంటి సన్న జీవులు ఎక్కువ పెరుగుతయి, వాటిని తినే చిన్న చేపలు వస్తయి, వాటి ఎంబడి పెద్దవి. ఆ జాగలను లెక్కగట్టి అన్ని రేవులకు పంపుతరు. మబ్బు పట్టిన రోజు ఉపగ్రహానికి కనపడదు, ఆ రోజు సరంగు కన్నే దిక్కు. ఒక్క చుక్క సముద్రం లేని మన ఊర్ల కూసొని దేశం మొత్తానికి చేపల జాడ చెప్తున్నరు. డిగ్రీల సైన్సు చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆ సంస్థ పేరు రాసి పెట్టుకోండి.

బాబాయ్ మాత్రం రెండూ చూస్తడు. జీపీఎస్ ఒక చేతిల, కొండలు కళ్ళల్ల. ఏ కొండ ఏ కొండ ఎనుక దాక్కుంటే ఏ జాగనో ఆయనకు తెలుసు.

వేట ఎట్ల అంటే, బోటు మెల్లగ పోతుంటది, ఎనుక రెండు రాడ్ల తాళ్ళకు రంగు రబ్బరు ఎరలు కట్టి వదులుతరు. అవి చిన్న చేపల లెక్క ఉరుకుతుంటయి. పట్టే చేపలు సూరలు, కోనాలు. అదృష్టముంటే కొమ్ముకోనెం. అదృష్టం అన్నది టూరిస్టుల మాట. 2022 ఫిబ్రవరిల పరవాడ దిక్కు ఒక జాలరి కొమ్ముకోనెం పొడిచి చనిపోయిండని బాబాయ్ చెప్పిండు. మేము దాని కోసం మొక్కుకోలేదు.

గంట దాక ఏం పడలేదు. ఖాళీగ ఉంటే మాటలొస్తయి కదా. "తండేల్" సినిమా చూసినవా బాబాయ్ అని అడిగినం. చూసిండంట. 2018లో గుజరాత్ నుంచి వేటకు పోయి పాకిస్తాన్‌కు దొరికిన శ్రీకాకుళం మత్స్యకారుల కథ అది, 2020 జనవరిల విడిచిపెట్టిన్రు. "సినిమాలో పాటలున్నాయి, మాకు వలసలున్నాయి" అన్నడు. ఇక్కడ వేట గిట్టక వేరే రాష్ట్రాలకు పోతరంట. ఆయన కొడుకు మంఖాల్‌కు వచ్చినట్టే. బోటు మీద పనిచేసేటోళ్ళు ఓనర్లు కాదు. డీజిల్, ఐసు, తిండి ఖర్చు తీసేసి మిగిలితే ఓనరు వాటా, సరంగు వాటా, కళాసీల వాటా. మిగలకపోతే అందరికి నడుము నొప్పి వాటా.

అప్పుడు అడిగిండు.

"బాబూ, మీరంతా ఎస్టీలంట కదా, మావాడు సెప్పాడు. మేం ఎన్నో ఏళ్ళ నించి ఎస్టీ అడుగుతున్నాం. మాది బీసీ-ఏ. సదువుకున్నోరు కాబట్టి అడుగుతున్నాను. మాకిత్తే మీకేటి పోద్ది?"

ఇంజను చప్పుడు తప్ప ఏం లేదు. హాస్టల్‌ల అయితే లేచి బయటికి పోవచ్చు. ఈడ నాలుగు దిక్కుల నీళ్ళు.

ఉట్నూరు వాడు మొదలు పెట్టిండు. వాడు మాట దాచడు. "బాబాయ్, ఆంధ్రల మావోళ్ళకు ఆరు శాతం. తెలంగాణల కూడా ఆరే ఉండె, 2022లో పది అయింది. గిన్నె అంతే ఉండి తినేటోళ్ళు పెరిగితే అడివిల ఉన్నోడికే ముందుగాల అందకుంట అయితది. రోడ్డు పక్కనున్నోడు, పట్నం దగ్గరున్నోడు, ముందు చదువుకున్నోడు తీసుకుంటడు." అని మా ఇద్దరి దిక్కు చూసిండు. చూడాలని చూసిండో, అట్లనే చూపు పడ్డదో మాకు తెల్వదు. ఎందుకంటే అదే మాట వాళ్ళోళ్ళు మా మీద అంటరు. తెలంగాణ లంబాడాలు ఎస్టీ జాబితాలకు వచ్చింది 1976 చట్టంతోని. ఈ గ్రూపుల ఆ సంగతి తెల్వనోళ్ళు ఎవరు? 2017 డిసెంబరుల సరూర్‌నగర్ స్టేడియంల కొద్ది రోజుల తేడాతోని ఆదివాసీల సభ ఒకటి, లంబాడాల సభ ఒకటి అయినయి. అదే నెలల ఉట్నూరుల గొడవలై 144 సెక్షన్ పెట్టిన్రు. అప్పుడు వాడు ఆరో తరగతి. వాళ్ళ బడికి లంబాడా టీచర్లు రావొద్దని ఆపిన్రు. ఆ టీచరే వాడికి లెక్కలు చెప్పింది. ఈ సంగతి వాడు రూముల ఒక్కసారే చెప్పిండు.

మేము ఊకోలేదు. కర్ణాటకల మావోళ్ళు ఎస్సీ, మహారాష్ట్రల విముక్త జాతి, ఈడ ఎస్టీ. ఒకే భాష, ఒకే తీజ్ పండుగ, బార్డర్ దాటితే కాగితం మారుతది. తప్పు మాది ఎట్లయితది అన్నం. గొంతు లేచింది.

బాబాయ్ స్టీరింగ్ పట్టుకొని మమ్మల్నే చూస్తున్నడు. "అదేటి, మీరంతా ఒకటి కాదేటి?" అన్నడు.

దీనికి ఏం చెప్తం? హాస్టల్ రిజిస్టర్ల ఒకటే. బయటోళ్ళ కంటికి ఒకటే. మంఖాల్ మెస్సుల పప్పు నీళ్ళగుందని కొట్లాడేటప్పుడు ఒకటే. అంతకు మించి అడిగితే లెక్క వేరే ఉన్నది.

ఆయన నవ్విండు, ఎక్కిరించి కాదు. వాళ్ళ సంగతి చెప్పిండు. 2022 జనవరిల రింగు వలల మీద పెదజాలారిపేటోళ్ళకు, వాసవానిపాలెం వైపోళ్ళకు కొట్లాటైంది. బోట్లు తగలబడ్డయి, వాళ్ళకు కూడా 144 సెక్షన్. ఒకే కులం, ఒకే గంగమ్మ. రింగు వల పెద్దది, ఒక్కసారిల మంద మొత్తాన్ని చుట్టేస్తది, చిన్న వలోడికి ఏం మిగలదని ఒకళ్ళు, మాకు అనుమతి ఉన్నది కదా అని ఒకళ్ళు. ఉట్నూరు వాడు అది శ్రద్ధగ విన్నడు. గిన్నె మాట మళ్ళ ఎత్తలేదు గని, వాడి మొకంల అదే ఉన్నది.

బూర్గంపాడు వాడు గ్రూప్స్ చదువుతున్నడు కదా, లోకూర్ కమిటీ అప్పజెప్పిండు. 1965. ఎస్టీ అని గుర్తించడానికి ఐదు గుర్తులు: ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, జనానికి దూరంగ బతకడం, బయటోళ్ళతోని కలవడానికి బిడియం, వెనుకబాటు. రాష్ట్రం సిఫారసు చేయాలె, రిజిస్ట్రార్ జనరల్ ఒప్పుకోవాలె, జాతీయ ఎస్టీ కమిషన్ ఒప్పుకోవాలె, పార్లమెంటు చట్టం చేయాలె. బాబాయ్ ఒక్కొక్కదానికి జవాబు చెప్పిండు. దూరమా? ఇరవై రోజులు నీళ్ళ మీద ఉంటాం, ఇంతకన్నా దూరం ఏటుంది. సంస్కృతి? మా అమ్మోరి పండక్కి రండి. బిడియం అన్నకాడ ఆగి, "మా ఇంటిదాన్ని మార్కెట్లో సూసి సెప్పండి, బిడియం ఉందో లేదో" అన్నడు. అందరం నవ్వినం. నవ్వినం గని మాలో ఒకడు అన్నడు, ఆ లెక్కన మనకు కూడా కాలేజీల సీటొచ్చిన రోజే బిడియం తీసేసుకోవాలె కదా. మనం ఇంగ్లీషుల ప్రజెంటేషన్ ఇస్తే గిరిజనులం కాకుండ పోతమా?

అప్పుడే కుడి పక్క రీల్ గిర్రుమన్నది.

ఆ చప్పుడు విన్నోళ్ళకే తెలుస్తది. వాదం యాడిదాడ ఇడిసిపెట్టినం. రాడ్ మన్ననూరు వాడి చేతిల పెట్టిండు బాబాయ్, పొద్దటి నుంచి వాడే ఎక్కువ కక్కిండని. "లాగకు, ఆడి జోరు తగ్గనీ, ఇప్పుడు తిప్పు, ఆపు." చేప కిందికి గుంజుతది, వాడు నడుముకు ఆనించుకొని నిలబడతడు. రెండు చేతులు వణుకుతున్నయి. మేము ముగ్గురం వాడి నడుం పట్టుకున్నం, ఉట్నూరు వాడు మా అందరిని పట్టుకున్నడు. పావుగంట పట్టింది. నీళ్ళల్ల ముందు వెండి మెరుపు, తర్వాత పొడుగ్గ ఒళ్ళు. కోనెం. బాబాయ్ కొక్కెంతోని లోపలికి తీసిండు. నాలుగు కిలోల పైనే ఉంటది. దాని పండ్లు చూస్తే వేలు దగ్గర పెట్టబుద్ధి కాదు. తర్వాత రెండు సూరలు పడ్డయి. ఇంకోటేదో పెద్దది తాడు తెంపుకొని పోయింది. అదేందో బాబాయ్ కూడా చెప్పలేదు, ఊరికే నీళ్ళ దిక్కు చూసిండు.

తిరిగొచ్చేటప్పుడు ఒక కాడ జీపీఎస్ చూసి అన్నడు, "ఇక్కణ్ణించి రాష్ట్రం సముద్రం. ఇందాకటిది కేంద్రం." పన్నెండు సముద్రపు మైళ్ళ దాక రాష్ట్రం చేతిల, ఆ పైన కేంద్రం చేతిల. ఒడ్డుకు దగ్గరి నీళ్ళు చిన్న తెప్పలోళ్ళకు వదలాలని ఆంధ్రల 1994 చట్టం ఉన్నది. పెద్ద బోట్లు ఆ గీత దాటి వస్తనే ఉంటయని బాబాయ్ చెప్పిండు. బూర్గంపాడు వాడు వెంటనే "ఇది మన 1/70 లెక్కనే" అన్నడు. ఏజెన్సీల గిరిజనుల భూమి బయటోళ్ళు కొనొద్దని 1970 నాటి రెగ్యులేషన్. అది కూడా ఎట్ల అమలైతున్నదో భద్రాచలం రోడ్ల మీద బిల్డింగులు చూస్తే తెలుస్తది. వాడు బాబాయ్‌కి చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నం: "బాబాయ్, మాకు సర్టిఫికెట్ ఉన్నది, భూమి పోతనే ఉన్నది. మీకు సర్టిఫికెట్ లేదు, నీళ్ళు పోతున్నయి. మీరు ఎస్టీ అడగండి, నేను వద్దనను. నీళ్ళ హక్కు మాత్రం దానికన్న ముందు అడగండి."

ఉట్నూరు వాడు దానికి కూడా ఒప్పుకోలేదు. అడిగేటోళ్ళు అడగొచ్చు, కొత్తగ ఎవరిని చేర్చినా ముందు శాతం పెంచినంకనే చేర్చాలె, లేకపోతే లేదు అన్నడు. మేమిద్దరం ఈ ఒక్క విషయంల వాడితోనే ఉన్నం. మన్ననూరు వాడు ఏం అన్లేదు. చెంచులు తక్కువమంది, ఏ లెక్కల అయినా వాళ్ళ వంతు చివరికే వస్తది. ఐదుగురి మాట ఒక్కటి చేసి రాస్తే ఈ పోస్టు అబద్ధమైతది.

మధ్యాహ్నం బాబాయ్ వాళ్ళ ఇంటికి తీస్కపోయిండు. కిరాయి బోటుల పడ్డ చేప కిరాయికి తీసుకున్నోళ్ళదే. రెండు సూరలు అక్కనే అమ్ముమన్నం, కోనెం వండుమన్నం. పిన్ని, అంటే బాబాయ్ భార్య, నలభై నిమిషాలల్ల సూరలు అమ్మి పైసలు తెచ్చి మా చేతిల పెట్టింది. తీసుకోమన్నం. "మీ సేప, మీ డబ్బులు" అని ఒక్కటే మాట. చివరికి సగం సగం. పులుసు చింతపండుతోని గట్టిగ చేసింది. తలకాయ ఎవరికని కొట్లాట, వాగుల చేపలు పట్టినోడికే ఇచ్చినం. వడ్డించుకుంట అడిగింది, "ఏ కులం బాబూ మీరు?" బాబాయ్ లోపల్నుంచి "ఆ మాటెత్తకే, మళ్ళీ ఒడ్డుకు రాలేం" అన్నడు.

పోదామనుకునేటోళ్ళకు: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వద్దు, వేట బంద్ ఉంటది. సంక్రాంతి నాలుగు రోజులు హార్బర్ ఖాళీ. లైఫ్ జాకెట్ లేని బోటు ఎక్కొద్దు, ఎంత తక్కువకైనా. రాత్రి నూనె తిండి తినొద్దు. వాంతుల గోళీ బోటెక్కే అరగంట ముందే వేసుకోవాలె, ఎక్కినంక వేసుకుంటే గోళీ కూడా చేపలకే.

ఇంకొక్కటి. గోదాము అన్న ఓపెన్ డిగ్రీకి ఫీజు కట్టిండు. ఆదివారం పని అయినంక మా రూముకు వస్తడు. ఉట్నూరు వాడే ఇంగ్లీషు చెప్తున్నడు. పాఠం ఇరవై నిమిషాలు, ఎస్టీ లొల్లి గంటన్నర. పోయిన వారం విమానం చప్పుడుల ఒకరి మాట ఒకరికి వినపడక ఇద్దరూ లేచి డాబా మీదినుంచి కిందికొచ్చి, మెట్ల మీద కూసొని మళ్ళ మొదలు పెట్టిన్రు.